గ్యారేజీ కబుర్లు: పాత ప్యాకింగు

ఉగాది సంచికకి ఈసారి ఏం రాస్తున్నారని సంపాదకులు ఫోన్ చేస్తే, "టర్బో కారుకి పొగగొట్టం మార్చటం" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "పండగపూట పొగగొట్టమేమిటండీ!" అన్నారు. ఆయన సందేహం న్యాయమైనదే. కానీ పోయిన దీపావళి సంచికలో బ్రేకుల గురించి రాసినప్పుడు ఇద్దరు ఇల్లాళ్ళు నాకు ఫోన్ చేశారు. "మీ వ్యాసం చదివి మావారు బ్రేకులు విప్పేశారు, బిగించటానికి మీరే రావాలి" అని. అంటే ఈ శీర్షిక చదివేవాళ్ళు ఉన్నారన్నమాట. చదివి విప్పేవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే ఈసారి విప్పటం గురించి కొంతా, నేను చేసిన నిర్వాకం గురించి కొంతా రాస్తాను. రెండోది రాయద్దని మా ఆవిడ అంది. రాయమని మా అత్తగారు అన్నారు.

మా కారు జపాను వాళ్ళది, పెట్రోలు బండి, టర్బో ఉన్నది, సెకండ్ హ్యాండు. రెండు లక్షల కిలోమీటర్లు దాటి చాన్నాళ్ళయింది. జనవరిలో ఒకరోజు అమ్మాయిని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో దింపుదామని గగ్లార్డి వే మీదుగా బర్నబీ కొండ ఎక్కుతున్నాను. సగం కొండ ఎక్కేసరికి ఇంజను దగ్గర్నుంచి పాము బుస కొట్టినట్టు చప్పుడు. ఎంత తొక్కినా బండి కదలదు. హీటరు వేస్తే లోపలికి పొగ కంపు. అమ్మాయి కిటికీ దించి, "నాన్నా, బస్సులో వెళ్ళుంటే ఈపాటికి క్లాసులో ఉండేదాన్ని" అంది.

ఇంటికొచ్చి బానెట్ ఎత్తి టార్చిలైటు వేసి చూస్తే, టర్బో నుంచి కిందికి దిగే గొట్టం మెడ దగ్గర వెంట్రుకంత పగులు. దాని చుట్టూ కాటుక పెట్టినట్టు మసి. పొగగొట్టం ఎక్కడ కారుతున్నా ఇదే ఆనవాలు. ముందు మసి కోసం చూడండి, ఆ తర్వాత చప్పుడు కోసం చెవి పెట్టండి.

టర్బో అనగానే పెద్ద బ్రహ్మవిద్య అనుకోనక్కర్లేదు. మన లారీల మీద 'టర్బో' అని రంగుల్లో రాసుకోవటం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంజను వదిలే పొగలో వేడీ వేగమూ బోలెడు మిగిలి ఉంటాయి. మామూలు బండిలో అదంతా గాలికి పోతుంది. టర్బోలో ఆ పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఉన్న ఇంకో చక్రం బయటిగాలిని లాగి, ఒత్తి, ఇంజనులోకి తోస్తుంది. ఎక్కువ గాలి వెళితే ఎక్కువ పెట్రోలు కాలుతుంది, ఎక్కువ బలం వస్తుంది. ఆల్ఫ్రెడ్ బూఖీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. అమ్మకపు కార్లలోకి రావటానికి మాత్రం 1962 దాకా పట్టింది. ఆ ఏడాది అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ వాళ్ళూ షెవర్లే వాళ్ళూ ఇంచుమించు ఒకేసారి టర్బో కార్లు అమ్మకానికి పెట్టారు.

ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల పైన తిరగగలదు. బండిని గట్టిగా తోలినప్పుడు పెట్రోలు ఇంజను పొగ ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీల సెల్సియస్ దాకా వెళుతుంది. అంత వేడిలో ఎర్రబడి, మళ్ళీ మన బర్నబీ వానలో తడిసి, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు తిని, పాపం ఆ గొట్టం ఎన్నాళ్ళని ఆగుతుంది? దాని తప్పేమీ లేదు.

వర్క్‌షాపులో అడిగాను. వాళ్ళు చెప్పిన అంకెలో గొట్టం ఖరీదు కంటే కూలీ ఎక్కువ. వాళ్ళని తప్పు పట్టటానికి లేదు, ఆ కూలీ దేనికో తర్వాత నాకే తెలిసొచ్చింది. కానీ నేను విజయవాడ ఆటోనగర్లో పెరిగినవాణ్ణి. అంటే అక్కడ పుట్టానని కాదు, మా పెదనాన్నగారి లారీ అక్కడ షెడ్డుకి వెళ్ళినప్పుడల్లా సెలవుల్లో నేనూ వెళ్ళి, మేస్త్రీగారికి పానాలు అందిస్తూ, టీలు తెస్తూ చదువు నేర్చుకున్నాను. అలాంటివాడు పొగగొట్టం మార్చలేడా అన్న పౌరుషం వచ్చింది. పౌరుషానికి ముహూర్తం ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే సోమవారం ముందు శనివారం. సాయానికి మా స్నేహితుడి కొడుకు వచ్చాడు. వాడు బీసీఐటీలో మెకానిక్ పని నేర్చుకుంటున్నాడు. వాడు నన్ను "అంకుల్" అంటాడు, నేను చెప్పిన దానికి తల ఊపుతాడు, ఆ తర్వాత వాడికి తెలిసినట్టు చేస్తాడు.

వాడు మొదట ఒక సలహా పారేశాడు. "అంకుల్, మధ్యలో క్యాటలిటిక్ కన్వర్టరు లేని గొట్టం దొరుకుతుంది. చవక, బలం, చప్పుడు కూడా బాగుంటుంది." ఆ వయసులో చప్పుడు ఒక సుగుణం. కన్వర్టరు అంటే లోపల తేనెపట్టులాంటి గదులకి ప్లాటినమ్, పల్లాడియమ్, రోడియమ్ పూత పూసిన డబ్బా. విషవాయువుల్ని చాలావరకు మార్చేది అదే. మనదేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి దాన్ని తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు పోస్తే అది చెడిపోతుంది కనక సీసం లేని పెట్రోలు కూడా ఆ ఊళ్ళలో అప్పుడే తెచ్చారు. ఇక ఇక్కడ పాతకాపులకి ఎయిర్‌కేర్ గుర్తుండే ఉంటుంది. 1992 నుంచి 2014 చివరి దాకా, వాంకూవర్ చుట్టుపక్కల చాలా కార్లు పొగ పరీక్ష గట్టెక్కితేగాని ఇన్సూరెన్సు ఇచ్చేవాళ్ళు కాదు. ఆ వరసలో నిలబడి దణ్ణాలు పెట్టుకున్న రోజులున్నాయి. ఇప్పుడు ఆ పరీక్ష లేదు. అంతమాత్రాన కన్వర్టరు పీకెయ్యొచ్చని కాదు, పీకటం ఇప్పటికీ ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధమే. పోలీసు ఆపి, బండిని తనిఖీకి పంపితే చప్పుడు సరదా తీరిపోతుంది. కన్వర్టరుతో ఉన్న గొట్టమే తెప్పించాను. అందులో నేను బుద్ధిగానే ఉన్నాను. ఆ తర్వాతే దారి తప్పాను.

ముందు పని చెబుతాను. ఈ ఊళ్ళో సమంగా ఉన్న చోటు దొరకటమే కష్టం. సగం ఇళ్ళ డ్రైవ్‌వేలు జారుడుబల్లలు. అక్కడ కారు ఎత్తద్దు. చదునైన సిమెంటు నేల ఉండాలి, వెనక చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టాలి, జాకీతో ఎత్తాక కిందికి స్టాండ్లు తోసి బండి బరువు వాటి మీదికి దించాలి. జాకీ ఎత్తటానికే. దాన్ని నమ్ముకుని కారు కింద దూరినవాడికి ఆ ఇంట్లో వాళ్ళు ఏమీ చెప్పుకోలేని పరిస్థితి రావచ్చు. ఇంకోటి, ఇంజను పూర్తిగా చల్లారాలి. టర్బో దగ్గరి ఇనుము పైకి చల్లగా కనిపించి వేలు పెట్టగానే నిజం చెబుతుంది.

అసలు యుద్ధం నట్లతో. ఏళ్ళ తరబడి కాలీ చల్లారీ నట్టూ స్టడ్డూ ఒకటైపోయి ఉంటాయి. ఆటోనగర్లో మేస్త్రీగారు ముందురోజు రాత్రే కిరసనాయిలు పోసి, "రేపు పలకరిద్దాం" అనేవారు. ఇక్కడ డబ్బాల్లో చొరబడే నూనె అమ్ముతారు. మందు మారినా వైద్యం అదే. శుక్రవారం రాత్రి ఒకసారి, శనివారం పొద్దున్న రెండుసార్లు పోశాను. ఆరు పలకల సాకెట్టే వాడాలి. పన్నెండు పలకలది అయితే తుప్పు పట్టిన నట్టు అంచులు గుండ్రంగా అరిగిపోయి, ఆ పైన దేవుడే దిక్కు. ఒక్కసారిగా బలం పెట్టకూడదు. పావు చుట్టు విప్పి, కాస్త వెనక్కి బిగించి, మళ్ళీ విప్పి, అలా బతిమాలాలి. కిర్రుమంటే మంచిదే, వదులుతోందని అర్థం. ఏ చప్పుడూ లేకుండా మెత్తగా తిరిగిందా, స్టడ్డు మెలిపడి తెగబోతోందన్నమాట, ఆగండి. మాకు అయిదు నట్లలో నాలుగు బతిమాలితే వచ్చాయి. అయిదోదానికి పిల్లవాడు చిన్న టార్చి మంట పట్టాడు. పెట్రోలు గొట్టాలూ, చిమ్మిన నూనే దగ్గర్లో లేకుండా చూసుకుని, మంట ఆర్పే సిలిండరు పక్కన పెట్టుకునే పట్టాడు. చదువు అంటే అదీ.

గొట్టానికి ఆక్సిజన్ సెన్సారు ఒకటి ఉంటుంది. దాని తీగ బయటికి పోవటానికి సందున్న ప్రత్యేక సాకెట్టు తెచ్చుకోండి, తీగని మెలితిప్పి తెంపుకోకండి. మళ్ళీ బిగించేటప్పుడు మరలకి పట్టెయ్యకుండా కొద్దిగా మందు రాయాలి గానీ, ముక్కుకి అంటకూడదు. గొట్టం ఊడిరాగానే టర్బో నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, ఎన్ని గుడ్డలు కుక్కారో లెక్కపెట్టుకోండి. ఒక చిన్న వాషరు లోపలికి జారితే మళ్ళీ వర్క్‌షాపుకే పోవాలి, అప్పుడు వాళ్ళు చెప్పే అంకె వేరే ఉంటుంది.

నేల మీద కారిన నూనె నీళ్ళతో కడిగి కాలవలోకి తోసెయ్యకండి. రోడ్డు పక్క కాలవ మూతల దగ్గర పసుపుపచ్చ చేప బొమ్మ గీసి ఉంటుంది, చూసే ఉంటారు. అందులో పోసింది వాగుల్లోకే పోతుంది. స్టిల్ క్రీక్ నీళ్ళు బర్నబీ సరస్సులోకీ, అక్కణ్ణుంచి బ్రునెట్ నది మీదుగా ఫ్రేజర్‌లోకీ వెళతాయి. దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాత 2012లో ఆ స్టిల్ క్రీక్‌లోకి సాల్మన్ చేపలు మళ్ళీ ఎదురీదుకుంటూ వచ్చాయి. వాటి దారిలో మన ఇంజను నూనె ఎందుకు?

సరే, సాయంత్రానికి పాత గొట్టం నేల మీద, కొత్తది చేతిలో. అప్పుడు తెలిసింది, టర్బోకీ గొట్టానికీ మధ్య పడే ప్యాకింగు పెట్టెలో రాలేదని. దాన్నే ఇక్కడివాళ్ళు గ్యాస్కెట్ అంటారు. పల్చటి ఉక్కు రేకులు పొరలు పొరలుగా ఉన్న బిళ్ళ. కొట్టుకి ఫోన్ చేస్తే, ఆ కారుది తెప్పించాలి, మంగళవారం వస్తుందన్నారు. పిల్లవాడు, "మంగళవారం దాకా ఆగుదాం అంకుల్" అన్నాడు.

పాతది తీసి చూశాను. బాగానే ఉన్నట్టు కనిపించింది. ఆటోనగర్లో మేస్త్రీగారు ప్యాకింగు షీటు అంచు మీద పరిచి, గుండు సుత్తితో చుట్టూ తట్టి, క్షణంలో అచ్చు దింపేవారు. అలాంటిది ఉన్నదాన్ని మళ్ళీ వేస్తే ఏం పోయింది? వాణ్ణి భోజనానికి ఇంటికి పంపేసి, ఆ పాత ప్యాకింగే వేసి బిగించేశాను. ఉక్కు పొరల ప్యాకింగు ఒకసారి అణిగితే మళ్ళీ లేవదని, రెండోసారి వేస్తే అంచులు కలిసినట్టే కనిపించి కలవవని నాకు తెలియక కాదు. తెలిసీ వేశాను. ఆదివారం ఉదయం కారుతో పని ఉంది, అంతకంటే పెద్ద కారణం లేదు.

బయట వాన. గ్యారేజీ తలుపు సగమే ఎత్తి, వెనక గొట్టం చివర తలుపు కిందనుంచి వానలోకి ఉండేట్టు బండిని పెట్టి స్టార్టు చేశాను. పొగ బయటికే పోతోంది కదా అని ధైర్యం. కొత్త గొట్టం మీద నూనె మాడి కాస్త కమురు వాసన వస్తుందని ముందే తెలుసు కాబట్టి వాసన వచ్చినా అనుమానించలేదు. లైటు కోసం ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగాను. ఆ తీగ అడ్డుపడి ఇంట్లోకి వెళ్ళే తలుపు జానెడు తెరిచే ఉంది. ఇంజను వేడెక్కి కుదురుకోవాలని ఇరవై నిమిషాల పైన అలాగే వదిలి, నేను తలుపు దగ్గర నిలబడి చప్పుడు వింటున్నాను. బుస లేదు. మీసం మెలేశాను.

గ్యారేజీకి సరిగ్గా పైన మా అత్తగారి పడగ్గది. ఆవిడ తెనాలి నుంచి వచ్చి మూడు వారాలయింది.

మా ఆవిడ మెట్ల మీదనుంచి కేకేసింది. "ఏవండీ, అమ్మకి తల దిమ్ముగా ఉందట, వాంతి వచ్చేట్టుందట. మధ్యాహ్నం కాఫీ తాగలేదు, అందుకేనేమో." నాకూ కణతలు లాగుతున్నాయి. కారు కింద మెడ వంచి పడుకున్నందుకు అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను. అప్పుడే మా అమ్మాయి కిందికి వచ్చి, ఒకసారి కారు వంకా, ఒకసారి తెరిచి ఉన్న తలుపు వంకా చూసి, "నాన్నా, ఇంజను ఆపు!" అని అరిచింది. నా మీద ఆ గొంతు ఎప్పుడూ వాడలేదు.

అయిదు నిమిషాల్లో అందరం వానలో, వాకిట్లో ఉన్నాం. అత్తయ్యగారు శాలువా కప్పుకుని, నా భుజం పట్టుకుని, నిలబడలేక పక్కింటి వాళ్ళ మెట్ల మీద కూర్చున్నారు. అమ్మాయి 911కి ఫోన్ చేసింది. అగ్నిమాపక దళం వాళ్ళు మీటరు పట్టుకుని లోపలికి వెళ్ళి, అన్ని కిటికీలూ తెరిచి వచ్చారు. ఆవిడకి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. వాళ్ళలో ఒకాయన నన్ను తిట్టలేదు. "ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేదా?" అని మాత్రం అడిగాడు.

ఉంది. పొగకీ, ఆ వాయువుకీ కలిపి ఒకే అలారం, మెట్ల దగ్గర గోడకి. సంక్రాంతికి అరిసెలు వండుతుంటే అది ఆగకుండా మోగిందని స్టూలు ఎక్కి బ్యాటరీ పీకింది నేనే. ఆ బ్యాటరీ తర్వాత టీవీ రిమోటులోకి వెళ్ళింది. ఈ వ్యాసం చదువుతున్న ఇళ్ళలో పోపు వేసినప్పుడల్లా మోగుతోందని నోరు నొక్కిన అలారాలు ఎన్ని ఉన్నాయో నేను ఊహించగలను. ముందు లేచి అవి చూసుకుని రండి, మిగతాది తర్వాత చదవచ్చు.

జరిగిందేమిటంటే, వెనక గొట్టం వానలో ఉంది నిజమే, కానీ టర్బో మూతి గ్యారేజీలోనే ఉంది. పాత ప్యాకింగు అంచునుంచి సన్నగా, చప్పుడు లేకుండా కారింది. కన్వర్టరు టర్బోకి తర్వాత ఉంటుంది. కాబట్టి మూతి దగ్గర కారే పొగ కన్వర్టరు ముఖం చూడని పచ్చి పొగ. దానికి తోడు, కన్వర్టరు కూడా సుమారు 250, 300 డిగ్రీలు వేడెక్కితేగాని సరిగా పని మొదలుపెట్టదు. చల్లటి ఇంజను స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లో వెనక గొట్టంలోంచి వచ్చేదీ పచ్చిదే. వానగాలికి అదీ కొంత సగం తలుపు కిందనుంచి లోపలికే తిరిగి వచ్చి ఉంటుంది. కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా లేవు. మనకి వచ్చే కంపు దాని పక్కనున్న వాటిది. నెత్తురులో హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. బయటి గాలి పీల్చినా ఒంట్లో ఎక్కింది సగానికి తగ్గటానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. ఆ రాత్రి ఆసుపత్రిలో ఆ గంటలు నేను ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. తెనాలిలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేసి ఏం చెప్పాలా అని కూడా లెక్కపెట్టాను.

తెల్లవారేసరికి ఆవిడ కోలుకుని, ఆసుపత్రి వాళ్ళిచ్చిన టీ చూసి మొహం చిట్లించారు. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

మంగళవారం కొత్త ప్యాకింగూ, కొత్త నట్లూ వచ్చాయి. పిల్లవాడు ఏమీ అనలేదు, అదే ఎక్కువ నొప్పి. అంచులు రెండూ గీకి, మెరిసేదాకా తుడిచాం. అన్ని నట్లూ ముందు చేత్తోనే తిప్పి, గొట్టం ఎక్కడా లాగకుండా కుదురుకున్నాక, టర్బో దగ్గర్నుంచి మొదలుపెట్టి వెనక్కి, టార్క్ రెంచితో పుస్తకంలో చెప్పినంతే బిగించాం. ఈసారి స్టార్టు చెయ్యకముందే పరీక్ష చేశాం. ఇది మేస్త్రీగారికి కూడా తెలియని పద్ధతి, వాడే చెప్పాడు. గ్యారేజీ వాక్యూమ్ క్లీనరు గొట్టాన్ని గాలి బయటికి ఊదే వైపు తగిలించి, దాని కొసని కారు వెనక గొట్టంలో పెట్టి, సందులు గుడ్డతో మూసి ఊదాలి. చల్లటి ఇంజను, మంటా పొగా ఏమీ లేవు. అప్పుడు ప్రతి అతుకు మీదా సబ్బునీళ్ళు చిమ్మితే, కారుతున్నచోట బుడగలు వస్తాయి. సైకిలు ట్యూబు పంచరు నీళ్ళ తొట్టిలో చూసినట్టే. ఆ తర్వాత బండిని పూర్తిగా బయటికి, ఇంటి కిటికీలకి దూరంగా తోసుకెళ్ళి అక్కడ స్టార్టు చేశాం. ఒకసారి వేడెక్కి చల్లారాక నట్లు మళ్ళీ చూసుకోవాలి. రెండు నట్లు పావు చుట్టు తీసుకున్నాయి.

సబ్బునీళ్ళు చిమ్మే వేళకి అత్తయ్యగారు శాలువా కప్పుకుని, ఒక కుర్చీ తెప్పించుకుని, గ్యారేజీ బయట వాన పడని చోట కూర్చున్నారు. కొత్త అలారం ఆవిడ ఒళ్ళోనే ఉంది, గోడకి కొట్టటానికి ఇంకా టైము దొరకలేదు. నేను కారు కింద ఉన్నాను. పిల్లవాడు గాలి ఊదుతున్నాడు.

"బుడగలొస్తున్నాయా బాబూ?" అని అడిగారు.

"లేదండీ."

"ఇంకోసారి చూడండి."

ఇంకోసారి చూశాను.